సున్నా గీత

కన్నతల్లి చేతి ముద్ద చూసి దీవెనకి మొదటిసారి కడుపులో తిప్పింది ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నప్పుడు.

ముద్దలో తప్పేమీ లేదు. వేడన్నం, గోంగూర, పైన ఉల్లిపాయ ముక్క. ఎంత ఎదిగినా కూతురికి ఆదివారం మొదటి ముద్ద తన చేత్తోనే పెట్టడం సలోమమ్మకి అలవాటు. గుంటూరు గోదాముల్లో మిరపకాయల తొడిమలు తీసీ తీసీ వేళ్ళ సందులు ఎర్రబారి, ఎంత తోమినా ఘాటు వదలని చెయ్యి అది. ఆ చెయ్యే దీవెనని గణితంలో డాక్టరేటు దాకా లాక్కొచ్చింది. ఇవాళ అదే చెయ్యి మూతి దగ్గరికి వచ్చేసరికి దీవెన మెడ తనంతట తానే వెనక్కి పోయింది. ముక్కుపుటాలు బిగుసుకున్నాయి. గొంతులోకి చేదునీళ్ళు వచ్చాయి.

"ఏందే, కడుపులో బాలేదా?" అంది సలోమమ్మ.

"పొద్దున టిఫిన్ ఎక్కువైందమ్మా. నువ్వు తిను, నేను తర్వాత తింటాలే," అంది దీవెన. అబద్ధం వెన్నలా జారింది. ఒకప్పుడు చిన్న అబద్ధం చెప్పాలన్నా నాలుక మడతపడే మనిషి.

పళ్ళెం ముందు నుంచి లేచి చెంబు ఎత్తింది. పెదవికి తగలకుండా, తల వెనక్కి వాల్చి, పైనుంచి ధారగా నీళ్ళు పోసుకుంది. సలోమమ్మ చూసింది. ఆ ఇంట్లో ఎవరి గ్లాసుతో ఎవరు తాగారని ఏనాడూ ఎవరూ అడగలేదు.

"ఓసి నీ దుంపతెగ! ఎప్పుడు నేర్చావే ఇది?" అని నవ్వింది. "మా చిన్నప్పుడు ఆసాముల ఇళ్ళకాడ మాకు ఇట్టాగే పోసేవోళ్ళు, దోసిట్లోకి, అంత ఎత్తు నుంచి. చెంబు మాకు తగులుద్దని."

నవ్వు సగంలో ఆగిపోయింది. తల్లీకూతుళ్ళిద్దరూ ఆ చెంబు వంక చూశారు.

తెలివి ఒక్కటుంటే చాలు, లోకమే పిలిచి పీట వేస్తుందని బళ్ళో చెప్పే మాట ఎంత పచ్చి అబద్ధమో దీవెనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎన్ని ఇంటర్వ్యూలు! లెక్క అడిగినంతసేపూ ఆమెదే పైచెయ్యి. ఆ తర్వాత ఎవరో ఒకరు కళ్ళజోడు సర్దుకుని, "మీ పేరెంట్స్ ఏం చేస్తారమ్మా?" అనేవారు. నాన్న లేరని, అమ్మ మిరపకాయల గోదాములో పని చేస్తుందని చెప్పేది. "వెరీ గుడ్, వెరీ గుడ్" అని అందరూ ఒక్కసారే తలలు ఊపేవారు. అక్కడితో సరి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, ఎప్పుడు నవ్వాలో, పెద్దవాళ్ళు హాస్యమాడితే ఎంత నవ్వాలో ఆమెకి తెలిసేది కాదు. ఆమెకి తెలియదన్న సంగతి మాత్రం గదిలో అందరికీ తెలిసిపోయేది.

చివరికి మంగళగిరి దగ్గర ఒక ప్రైవేటు పరిశోధన సంస్థలో ఉద్యోగం దొరికింది. ఆమె చేరిన ఏడాదికి శ్రీవత్స చేరాడు. తాత హైకోర్టు జడ్జి, తండ్రి వైస్ ఛాన్సలర్. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు వాళ్ళింటికి కాఫీకి వచ్చేవారు. చిన్నప్పుడు వాళ్ళ ఒళ్ళో కూర్చుని కళ్ళజోళ్ళు పీకినవాడు. అందుకే ఎంతటి ఛైర్మన్ అయినా అతనికి ఎవరో ఒక అంకులే. సమీకరణాలు దీవెన తేల్చేది, సభలో అతను చెప్పేవాడు. చెడ్డవాడు కాడు. "ఇదంతా మా టీమ్ కష్టం" అని ప్రతిసారీ గుర్తుపెట్టుకుని చెప్పేవాడు. టీముకి పెద్దగా అతన్నే చేశారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ మంచి నోరు ఏ ఇంట్లో దొరుకుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

అది చెబుతాననే డైరెక్టర్ చక్రధరరావు గారు ఒక యంత్రం తలపెట్టారు. దాని పేరు 'తీరు'.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఆ సామెతని మనం తగలబెట్టబోతున్నాం," అన్నారాయన మొదటి సమావేశంలో. "ధీమా అనేది దేవుడిచ్చిన వరం కాదు. ఒంటికి పట్టిన అలవాటు. ఆ అలవాటుని ఒకరి నుంచి తీసి ఇంకొకరికి పెట్టొచ్చు."

శ్రీవత్స చెవి వెనక రూపాయి బిళ్ళంత పరికరం అంటించారు. అది పెట్టుకునే అతను పెళ్ళిళ్ళకి వెళ్ళాడు, మంత్రుల ఆఫీసులకి వెళ్ళాడు, తెలియని ఊళ్ళో తెలియని హోటళ్ళలోకి నడిచాడు. కొత్త గదిలో అడుగుపెట్టినప్పుడు అతని ఊపిరి, గొంతు, భుజాలు, కడుపు ఎలా మెదులుతున్నాయో బిళ్ళ పట్టుకునేది. అవే కదలికల్ని ఇంకొకరి చెవి వెనక బిళ్ళ సన్నగా నరాల్లోకి వదులుతుంది. కొన్ని వారాలు పోతే ఒంటికి అదే సొంతమైపోతుంది, సైకిల్ నేర్చుకున్నట్టు. ఆ తర్వాత బిళ్ళ పీకేసినా పోదు.

ఏది కొలవాలన్నా ముందు సున్నా ఎక్కడుందో తేల్చుకోవాలి. అందుకని సంస్థలో ఉన్నవాళ్ళంతా బిళ్ళలు పెట్టుకుని ఒక హాల్లో మామూలుగా కూర్చున్నారు. కాఫీలు వచ్చాయి, కబుర్లు నడిచాయి, స్వీపరమ్మ వచ్చి ఊడ్చి వెళ్ళింది. అందరి ఒళ్ళూ చూపించిన సగటుని సున్నా అనుకున్నారు. ఎవరికి బిళ్ళ పెట్టినా యంత్రం ముందు వాళ్ళ ఒంటిని ఆ సున్నాకి తెచ్చి, దాని మీదే శ్రీవత్స కదలికల్ని ఎక్కిస్తుంది. దీవెనని మాత్రం, "నువ్వు ప్రోగ్రాం చూసుకోమ్మా, ఇది చిన్న పని" అని పక్క గదిలో కూర్చోబెట్టారు. అప్పుడు ఆమెకి అందులో తప్పేమీ కనపడలేదు.

మొదట ఎవరికి పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు చక్రధరరావు గారు ఆమె వైపు తిరిగి, "నీకంటే అర్హులెవరమ్మా?" అన్నారు. ఎంత ప్రేమగా అన్నారో, అంత అవమానంగా ఉంది. అయినా ఆశపడింది. ఇన్నాళ్ళూ గుమ్మంలోనే నిలబెట్టిన మనిషిని లోపలికి రమ్మంటే ఆశపడదా?

పని చేసింది. ఢిల్లీ సభలో వేదిక ఎక్కింది, మైకు సర్దుకుంది, తొందరపడకుండా ఒక క్షణం ఆగింది. ఆ ఆగడం కోసమే జనం ఎదురుచూస్తున్నట్టు హాలు నిశ్శబ్దమైంది. చిన్న చలోక్తి దానంతటదే నోట్లోకి వచ్చింది, అందరూ నవ్వారు. భోజనాల దగ్గర ఎవరో "మీ చదువెక్కడ?" అంటే "గుంటూరు" అంది. ఆ అన్న తీరుకి ఇంకో ప్రశ్న అడగడానికి వాళ్ళకి మొహం చెల్లలేదు. లెక్కలు పాతవే, మనిషీ పాతదే. పోయినేడు ఇదే లెక్క చెబితే మధ్యలో లేచి టీకి పోయినవాళ్ళే ఇప్పుడు చుట్టూ మూగారు. వాళ్ళ నవ్వు మొహాలు చూస్తే దీవెనకి సంతోషంతో పాటు ఏదో జిగురు ఒంటికి అంటుకున్నట్టు అనిపించింది. శ్రీవత్స ఇంకా పైమెట్టుకి వెళ్ళాడు, అతని కుర్చీ ఆమెకి వచ్చింది.

ఆ తర్వాతే ఆ ఆదివారం, ఆ ముద్ద.

అక్కడితో ఆగినా బాగుండేది. బస్సులో పక్కన కూర్చున్న మనిషి మోచెయ్యి తగిలితే ఒళ్ళు ముడుచుకునేది. పాస్టరమ్మ తల మీద చెయ్యి వేసి దీవిస్తే ఇంటికెళ్ళి తలస్నానం చేసింది. గుంటూరు నుంచి రోజూ తిరగడం కష్టమని తల్లికి చెప్పి మంగళగిరిలో ఫ్లాట్ తీసుకుంది. కష్టం దూరం కాదని ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు సలోమమ్మ పండుమిరప పచ్చడి పట్టుకుని, పని నుంచి నేరుగా ఆ ఫ్లాటుకి వచ్చింది. దీవెన సంతోషంగానే తలుపు తీసింది. "రామ్మా, కూర్చో" అంటూ సోఫా వైపు గబగబా నడిచింది. సలోమమ్మ కూర్చోలేదు.

"అదేందే?"

దీవెన తన చేతుల వంక చూసుకుంది. తల్లి కూర్చోబోయే చోట తను న్యూస్‌పేపర్ పరుస్తోంది. అంచులు కూడా సరిచేస్తోంది.

"అమ్మా, నేను... నాకు తెలియకుండానే..."

"తెలియకుండానే పరిచావు. తెలిసి పరిస్తే ఇంకేం పరిచేదానివో!" సలోమమ్మ పచ్చడి సీసా నేల మీద పెట్టింది. "కూర్చోనులే. నిలబడే పోతా. అలవాటైన పనే."

తల్లి లిఫ్టు ఎక్కకుండా మెట్లు దిగి పోయింది. దీవెన బాత్రూములోకి పరిగెత్తి కక్కుకుంది. ఈసారి ఆ కంపరం తల్లి మీద కాదు. అద్దంలో కనపడుతున్న ఆ నీటైన, నిబ్బరమైన, ఒక్క వెంట్రుక కూడా చెదరని మొహం మీద.

మర్నాడు ల్యాబుకి వెళ్ళి శ్రీవత్స రికార్డింగులన్నీ మొదటినుంచి తిరగేసింది. ఎంత వెతికినా అసహ్యం అనదగ్గ కదలిక ఒక్కటీ లేదు. అంతా మర్యాదే, అంతా నవ్వే. చివరికి అనుమానం వచ్చి సున్నానే విప్పి చూసింది. ఆ రోజు హాల్లో స్వీపరమ్మ చీపురుతో నడిచిన ఆ కాసేపట్లో, కూర్చున్న వాళ్ళందరి కడుపులోనూ ఒకే కుదుపు ఉంది. గొంతు బిగింపు, ముక్కు బిగింపు, భుజం ఒక వీసం వెనక్కి. ఒకరికుండి ఒకరికి లేకపోతే యంత్రం పట్టుకునేది. అందరికీ ఉంది కాబట్టి అది 'మామూలు' అయిపోయి సున్నా కింద దాక్కుంది.

చక్రధరరావు గారి గదిలో ఆ మాట చెప్పినప్పుడు శ్రీవత్స కూడా ఉన్నాడు. అతను నిజంగానే నొచ్చుకున్నాడు.

"నాకు ఎవరి మీదా అసహ్యం లేదు దీవెన గారూ. మా పనమ్మాయి పెళ్ళికి కూడా వెళ్ళాను. బిళ్ళ పెట్టుకునే వెళ్ళాను."

"వెళ్ళారు. అక్కడ భోజనం చేశారా?"

శ్రీవత్స ఆలోచించాడు. "ఆ రోజు... ఏదో ఉపవాసం అనుకుంటా."

అతను అబద్ధమాడటం లేదు. అతనికి నిజంగానే గుర్తులేదు. అదే దీవెనకి ఎక్కువ రోత పుట్టించింది.

"అయితే ఆ కుదుపు ఒక్కటీ తీసెయ్యి. మిగతాది ఉంచు," అన్నారు చక్రధరరావు గారు.

"పొద్దుటి నుంచి అదే ప్రయత్నం చేశాను సార్. అది లాగేస్తే మిగతాదంతా కూలిపోతోంది. ఎదుటివాళ్ళు నన్ను చూసి ముక్కు మూసుకోరన్న నమ్మకం మీదే ఈ ధీమా నిలబడింది. ఆ నమ్మకం ఎక్కడిదంటే, ముక్కు మూసుకునే పక్షంలో పుట్టానన్న దాంట్లోంచి వచ్చింది. రెండూ ఒకటే సార్."

ఆయన చాలా నెమ్మదిగా నవ్వారు. "నువ్వు దాన్ని దోషం అంటున్నావమ్మా. చదువుకుని పైకొచ్చాక ఆ పాత వాసనలు భరించలేకపోవడం సహజం. దాన్నే మనవాళ్ళు సంస్కారం అన్నారు. వచ్చే వారం ప్రభుత్వ కమిటీ వస్తోంది. వాళ్ళు ఊ అంటే రాష్ట్రంలో సంక్షేమ హాస్టళ్ళ పిల్లలందరికీ ఇది పెడతాం. నీలాంటి పిల్లలే. నువ్వు నిలబడి, నాకు మేలు జరిగిందని ఒక్క మాట చెప్తే చాలు."

"వాళ్ళందరూ సెలవులకి ఇంటికెళ్తారు సార్. వాళ్ళకీ అమ్మలుంటారు."

"ఉంటారు. కొన్నాళ్ళకి సర్దుకుంటారు," అన్నారాయన. ఏ.సి. కాస్త పెంచమని శ్రీవత్సకి సైగ చేశారు.

గుంటూరు వెళ్ళి తల్లి ముందు నిలబడటానికి దీవెనకి రెండు రోజులు పట్టింది. యంత్రం సంగతి, సున్నా సంగతి, హాస్టళ్ళ సంగతి అంతా చెప్పింది. సలోమమ్మ చాటలో బియ్యం ఏరుతూ వింది. విని చాట పక్కన పెట్టింది.

"ఛీ! మిషను పెట్టించుకుని మరీ నేర్చుకున్నావటే దాన్ని? మాకు ఊరకే నేర్పారు గదే, పుట్టినకాణ్ణించి. అవతలి పక్క కూర్చోబెట్టి నేర్పారు."

"అమ్మా, ఆ కమిటీ ముందుకి నువ్వు రావాలి. మాటతో చెబితే వాళ్ళు నమ్మరు. నీ ఒంటిని సున్నాగా పెడితే వాళ్ళలో ఉన్నది గీతల్లో కనపడుద్ది."

"నన్ను చూసి ఎవురికెంత రోత పుడుతుందో మిషనులో చూపిస్తావా? కన్నతల్లిని అందుకు రమ్మంటున్నావా?"

దీవెన తల దించుకుంది. చక్కటి మాటలు ఎన్నో నోటి దాకా వచ్చాయి, వాటిని రానివ్వలేదు. "రాకపోతే ఆ పిల్లలందరూ ఇళ్ళకెళ్ళి పేపర్లు పరుస్తారమ్మా," అని మాత్రం అంది.

సలోమమ్మ చాట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. "వస్తా," అంది చివరికి. "పనికి పోయే చీరతోనే వస్తా. వాళ్ళ కోసం ముస్తాబు చేసుకుని రాను."

కమిటీ ఛైర్మన్ పద్మనాభం గారు రిటైరైన పెద్ద అధికారి. ఆయనా, సభ్యులూ, చక్రధరరావు గారూ, శ్రీవత్సా బల్ల చుట్టూ కూర్చున్నారు. చెవుల వెనక బిళ్ళలు అందరూ ముచ్చటపడి పెట్టించుకున్నారు. గోడ మీది తెర మీద రంగురంగుల గీతలు, ఒక్కో మనిషికి ఒక్కోటి, పేర్లు లేకుండా పాకుతున్నాయి. అందరితో పాటు దీవెన కూడా ఒక బిళ్ళ పెట్టుకుంది.

"ఎప్పుడూ మా సంస్థ వాళ్ళ సగటు సున్నాగా ఉండేది. ఇవాళ సున్నా మార్చాను," అంది దీవెన. చక్రధరరావు గారు కుర్చీలో కదిలారు. "ఇవాళ్టి సున్నా మా అమ్మది. పక్క గదిలో కూర్చుని మామూలుగా మంచినీళ్ళు తాగుతున్నప్పుడు కొలిచాను. ఆమె ఇప్పుడు లోపలికొస్తుంది."

సలోమమ్మ వచ్చింది. మిరప దుమ్ము పట్టిన చీర, ఎర్రబారిన వేళ్ళు, కాళ్ళకి రబ్బరు చెప్పులు, చెవి వెనక బిళ్ళ. నేరుగా నడిచి పద్మనాభం గారి పక్కన ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"రండమ్మా, రండి. చాలా సంతోషం," అన్నారాయన చేతులు జోడించి. నవ్వులో రవ్వంత లోపం లేదు. సభ్యులందరూ అంతే చక్కగా నవ్వారు. ఒకావిడ "ఎంత కష్టపడ్డారో పాపం!" అని కూడా అంది. ఆ నవ్వుల మీద, గోడ మీద, గీతలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. పద్మనాభం గారి కాఫీ కప్పు ఆయనకే తెలియకుండా ఆవలి చేతి వైపు జరిగింది. అడుగున ఒక్క గీత మాత్రం నిలకడగా ఉంది.

ముందు ఆయనకి అర్థం కాలేదు. "అవేమిటమ్మా?" అని అడిగారు.

"మన అందరి కడుపుల్లో ఉన్నది సార్," అంది దీవెన.

నవ్వు మొహాలు నవ్వుతోనే బిగుసుకుపోయాయి. పద్మనాభం గారు చెవి వెనక బిళ్ళని పుండు మీద చెక్కులా పీకారు. తెర మీద ఒక గీత ఆరిపోయింది. ఆ వెంటనే మిగతావాళ్ళూ పీకారు.

"ఈ యంత్రం ఈ గది దాటకూడదు," అన్నారాయన. గొంతులో ఇప్పుడు మర్యాద లేదు. "అంతా ఆపేయండి. రికార్డులు చెరిపేయండి. ఏ పత్రిక వాడి చేతికైనా ఇది చిక్కిందంటే ఏమవుతుంది?"

హాస్టల్ పిల్లల మాట ఒక్కరూ ఎత్తలేదు. పిల్లలు బతికిపోయారు గానీ, వాళ్ళ మొహం చూసి ఎవరూ బతికించలేదు. పెద్దమనుషుల పరువు కోసం బతికిపోయారు. పోతూ పోతూ ఆ "పాపం" అన్నావిడ చేతులకి శానిటైజర్ రాసుకుంది, పక్కవాళ్ళకీ ఇచ్చింది.

శ్రీవత్స గుమ్మం దగ్గర ఆగి ఏదో అనబోయాడు. జీవితంలో మొదటిసారి మాట దొరక్క వెళ్ళిపోయాడు.

"నీ చేతులారా నీ భవిష్యత్తు తగలబెట్టుకున్నావు," అన్నారు చక్రధరరావు గారు. తలుపు మెత్తగా, చప్పుడు లేకుండా వేసి వెళ్ళారు. అది కూడా పెంపకమే.

గదిలో తల్లీ కూతురూ మిగిలారు, బల్లకి అటొకరు ఇటొకరు. సలోమమ్మ తెర వైపే చూస్తోంది. గీతలన్నీ ఆరిపోయి రెండే ఉన్నాయి. ఒకటి అడుగున. రెండోది పైన, ఇందాక లేచిన గీతలన్నిటికంటే పైన.

"వాళ్ళంతా పోయారు గదే," అంది. "ఆ పైది ఇంకా ఎవురిది?"

దీవెన గొంతులోకి జవాబు సిద్ధంగా వచ్చింది. మిషన్ వేడెక్కిందమ్మా, కాసేపట్లో అదే దిగుతుంది. ఆగాల్సిన చోట ఆగడంతో సహా, చిన్న నవ్వుతో సహా వచ్చింది. ఆమె దాన్ని మింగింది. మింగాక ఇంక చెప్పడానికి మంచి మాటేదీ మిగల్లేదు.

"నా... నాదేనమ్మా."

సలోమమ్మ కూతురి వంక ఒకసారి చూసి, తన కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకుంది. గీత కొంచెం దిగింది. ఇంకొంచెం జరుపుకుంది. ఇంకొంచెం దిగింది.

"ఇట్టా అయితే నీకు సుఖంగా ఉందా?" అంది.

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. దీవెన లేచింది. తన కుర్చీని బల్ల చుట్టూ ఈడ్చుకుంటూ వచ్చి తల్లి మోకాళ్ళకి తన మోకాళ్ళు తగిలేలా వేసుకుని కూర్చుంది. ఆ ఎర్రటి చేతుల్ని రెండు చేతులతో పట్టుకుంది. గోడ మీద గీత లేచింది. కడుపులో తిప్పింది, మిరప ఘాటు ముక్కులోకి ఎక్కింది, నోటినిండా చేదునీళ్ళు ఊరాయి.

"వదిలెయ్యవే. కక్కుకుంటావు," అంది సలోమమ్మ.

"కక్కుకోనీ," అంది దీవెన. గీత తెర అంచు దాకా పాకింది. ఆమె కుర్చీ వెనక్కి జరపలేదు.